అక్కగారి ఎకరం అరవై సెంట్లు: అనుకోకుండా వచ్చిన వారసత్వంపై ఒక కేస్ స్టడీ

ఆస్తి తగాదాతో నా ఆఫీసు మెట్లెక్కే కుటుంబాలలో ఎక్కువమంది వాటా ఎంత వస్తుందని అడగడానికి వస్తారు. ఇక్కడ రాయబోతున్న కుటుంబం మాత్రం వాటా ప్రశ్నే లేని సొమ్ము గురించి తగవు పడుతూ వచ్చింది. సొమ్ము ఎవరిదో చట్టం తేల్చేసింది, అది బ్యాంకులో భద్రంగా ఉంది, కోర్టుకు వెళ్లడానికి ఎవరికీ దావా కారణం లేదు. అయినా రెండు నెలలుగా ఆ ఇంట్లో ఒకరి చేతి కాఫీ ఒకరు తాగడం లేదు. రాజమహేంద్రవరంలో ఇరవై ఏళ్లకు పైగా సివిల్ ప్రాక్టీసు, అందులో సగం కాలం మధ్యవర్తిత్వం చేస్తున్న నాకు ఈ కేసులో కొన్ని పొరపాట్లు దొర్లాయి, వాటిలో ఒకటి పెద్దదే. వాటిని కూడా దాచకుండా రాస్తున్నాను. కుటుంబం అనుమతి తీసుకున్నాను. వారిని గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలను మార్చాను.

సొమ్ము వచ్చిన దారి

క్లయింటు వయసు అప్పటికి 74 ఏళ్లు. చక్కెర కర్మాగారంలో గుమాస్తాగా పదవీ విరమణ చేసి, భార్యతో, చిన్న కొడుకు కుటుంబంతో కలిసి పాత డాబా ఇంట్లో ఉంటున్నారు. పెద్ద కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. కూతురు కాకినాడలో ఉంటుంది, అల్లుడికి పురుగుమందుల దుకాణం ఉంది. క్లయింటు అక్కగారు ఎలిమెంటరీ స్కూలు టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆవిడకు పిల్లలు లేరు, భర్త 1998లో పోయారు. ఆవిడ 2022 నవంబరులో, 81వ ఏట, విల్లు రాయకుండానే కన్నుమూశారు.

ఆవిడ పేరిట తణుకు పక్కన 1 ఎకరం 60 సెంట్ల భూమి ఉంది. అది వారి తండ్రి 1950లలో స్వార్జితంగా కొన్న పొలంలోది. ఆయన 1971లో విల్లు లేకుండా పోగా, 1974లో రిజిస్టరైన పారిఖత్తులో, అంటే వారసుల మధ్య పంపకాల దస్తావేజులో, అక్కగారి వాటాగా వచ్చింది. ఈ చిన్న వివరం మీదే కేసంతా నిలబడింది. హిందూ వారసత్వ చట్టం 1956లోని 15వ సెక్షన్ ప్రకారం సంతానం లేని స్త్రీ విల్లు రాయకుండా పోతే, భర్త కూడా లేనప్పుడు, ఆమె ఆస్తి సాధారణంగా భర్త వారసులకు వెళ్తుంది. అయితే అదే సెక్షన్‌లోని రెండవ ఉపవిభాగం దీనికి మినహాయింపు పెట్టింది: తల్లి నుంచో తండ్రి నుంచో వారసత్వంగా వచ్చిన ఆస్తి, పిల్లలు లేనప్పుడు, తిరిగి తండ్రి వారసులకు చేరుతుంది. తల్లి కూడా లేరు, ఉన్నది ఒక్క తమ్ముడే కాబట్టి భూమి మొత్తం మా క్లయింటుకు వచ్చింది.

గోదావరి జిల్లాల్లో ప్రాక్టీసు చేసేవారు ఇక్కడ ఒక క్షణం ఆగాలి. మన దగ్గర ఆడపిల్లకు పుట్టింటి భూమి చాలాసార్లు పసుపు కుంకుమల కింద, పెళ్లి సమయంలో రాసిన దస్తావేజు ద్వారా వెళ్తుంది. అది దానం అవుతుంది గానీ వారసత్వం కాదు. మినహాయింపులో ఉన్న మాట ‘వారసత్వంగా వచ్చిన’ అని ఉండడం వల్ల, కోర్టులు దానిని అక్షరార్థంలోనే చదివి, దానంగా వచ్చిన భూమికి ఆ మినహాయింపు వర్తించదన్నాయి. అదే పొలం, అదే తండ్రి, అదే కూతురు. కాగితం మీద పసుపు కుంకుమ అని ఉంటే భర్త అన్నదమ్ముల పిల్లలకు, పారిఖత్తు అని ఉంటే సొంత తమ్ముడికి పోతుంది. అందుకని నేను ముందు 1974 నాటి కాగితం సర్టిఫైడ్ కాపీ తెప్పించుకొని చూశాను, ఆ తర్వాతే మాట్లాడాను.

కొనుగోలుదారు తరఫు న్యాయవాది నాకన్నా జాగ్రత్తపరుడు. అక్కగారి భర్త తాలూకు అన్న కొడుకులు ఇద్దరు నిడదవోలులో ఉంటారు, వారి సమ్మతి సంతకాలు కూడా సేల్ డీడ్‌లో ఉండాలని పట్టుబట్టారు. ఆ ఇద్దరూ ఒక్క రూపాయి అడగకుండా, సొంత ఖర్చుతో వచ్చి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు చేసి వెళ్లారు. ఆవిడకు తలకొరివి పెట్టినవాడు కూడా వారిలో పెద్దవాడే. 2023 జూన్ 14న 1 కోటి 20 లక్షలకు రిజిస్ట్రేషన్ పూర్తయింది. ఆగస్టు రెండవ వారంలో కుటుంబం నా దగ్గరకు వచ్చింది.

ఎవరు ఏమి కోరారు

పెద్ద కొడుకు ల్యాప్‌టాప్‌లో పట్టిక వేసుకొని వచ్చాడు. మొత్తం సొమ్ముతో హైదరాబాద్‌లో నాన్నగారి పేరిటే ఫ్లాటు కొంటే మూలధన లాభంపై పన్ను పోతుంది, అద్దె వస్తుంది, విలువ పెరుగుతుందని అతని వాదన. లెక్క తప్పేమీ కాదు. తల్లిదండ్రులు ఉన్న ఊరికి దూరంగా, తాను ఉన్న ఊళ్లో కొనమంటున్నాడన్న సంగతి ఒక్కటే ఆ పట్టికలో లేదు.

కూతురు మొదటి గంటసేపు నోరు విప్పలేదు. ఆ తర్వాత 2006లో తన పెళ్లినాడు నాన్నగారు పదిమంది పెద్దమనుషుల ముందు ఎకరం పొలం పసుపు కుంకుమగా ఇస్తానన్నారని, ఆ తర్వాత పొలానికి బదులు 5 లక్షలు అన్నారని, ఆ 5 లక్షలలో 3 మాత్రమే చేతికి వచ్చాయని, పదిహేడేళ్లుగా అత్తవారింట్లో ఆ 2 లక్షల మాట ప్రతి పండుగకూ వింటున్నానని ఒకే గుక్కలో చెప్పింది. అల్లుడుగారు లోపలికి రాలేదు. ఆఫీసు కింద కారులో కూర్చొని అరగంటకు ఒకసారి ఆమెకు ఫోన్ చేస్తూ వచ్చారు. లోపలికి రండని నేను రెండవ సమావేశంలో పిలిచాను. అది మీ ఇంటి విషయం కదండీ అన్నారు. మధ్యవర్తిత్వంలో కుర్చీలో లేని మనిషే చాలాసార్లు అందరికన్నా ఎక్కువ మాట్లాడతాడు.

చిన్న కొడుకు భీమవరం వైపు రొయ్యల చెరువు కౌలుకు తీసుకొని రెండు పంటలు నష్టపోయాడు. మేత బాకీ, చేబదుళ్లు, ప్రామిసరీ నోట్లు కలిపి అసలు 11 లక్షలు. రెండు రూపాయల వడ్డీతో అప్పటికి 18 లక్షలు అంటున్నారు. తన గురించి అతను ఏమీ అడగలేదు. అప్పులవాళ్లు ఇంటికి వచ్చి నాన్నగారినే అడుగుతున్నారు కాబట్టి అతను అడగవలసిన అవసరం రాలేదు.

క్లయింటు కోరిక వీటన్నిటికీ భిన్నం. 30 లక్షలతో స్వగ్రామంలో అక్కగారి పేరిట కల్యాణ మండపం కట్టించాలి, మిగతా విషయాలు ఆ తర్వాతే అన్నారు. కారణం అడిగితే, ‘మా అక్క సొమ్ము, మా అక్క పేరు నిలబడాలి’ అనడం తప్ప వివరం చెప్పలేదు. భార్య ఒక్కరే ఏమీ అడగలేదు. మీకేం కావాలమ్మా అని నేను అడిగితే, ‘నాకేం కావాలి బాబూ, వీళ్లు మాట్లాడుకుంటే చాలు’ అన్నారు. ఆ జవాబును నేను నిజమని నమ్మడం నా రెండవ పొరపాటు.

మొదటి పొరపాటు

మొదటిది అదే రోజు చేశాను. పెద్ద కొడుకు మధ్యలో ఇది తాతగారి పొలం కదా, మాకు పుట్టుకతో హక్కు ఉంటుంది, ఆడపిల్లకు కూడా సమానంగా ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది కదా అన్నాడు. అతను విన్న తీర్పు వినీతా శర్మ కేసు. అది ఉమ్మడి కుటుంబ ఆస్తిలో, అంటే పుట్టుకతోనే హక్కు వచ్చే కోపార్సెనరీలో, కూతురి హక్కు గురించిన తీర్పు. ఇక్కడ దానికి తావులేదు. తాతగారి స్వార్జితం 1956 చట్టం కింద వారసులకు చేరినప్పుడు అది ఎవరికి వచ్చిందో వారి సొంత ఆస్తి అవుతుందే తప్ప మళ్లీ ఉమ్మడి ఆస్తిగా మారదని 1986లో చందర్ సేన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పైగా ఈ భూమి అక్క ద్వారా తిరిగి వచ్చింది. కాబట్టి ఈ కోటీ ఇరవై లక్షలూ మీ నాన్నగారి స్వంతం, ఆయన ఎవరికీ పైసా ఇవ్వకపోయినా అడిగే హక్కు మీలో ఎవరికీ లేదని నేను స్పష్టంగా, కొంచెం గర్వంగానే చెప్పాను.

చట్టం తేలితే వేడి తగ్గుతుందని అనుకున్నాను, కానీ వేడి పెరిగింది. అంతవరకు కుర్చీ అంచున కూర్చున్న పెద్దాయన వెనక్కి వాలి, ‘విన్నారుగా’ అన్నారు. పెద్ద కొడుకు ల్యాప్‌టాప్ మూసేసి, హక్కు లేనివాణ్ణి ఇక్కడెందుకు కూర్చోబెట్టారని లేచిపోయాడు. ఆ తర్వాత మూడు వారాలు అతను నా ఫోన్ ఎత్తలేదు. నేను చెప్పినదంతా నిజమే. చెప్పిన వేళ మాత్రం తప్పు. మనసులో ఏ పాత బాకీని పట్టుకొని ఎవరు వచ్చారో వినకముందే బాకీ లేదని నేను తీర్పు చెప్పేశాను. చిన్న వకీళ్లు ఈ రకం కేసు పట్టుకొని వస్తే నేను ఇప్పుడు వారికి చెప్పేది ఒక్కటే: హక్కుల సంగతి రెండవ సమావేశానికి దాచుకోండి.

గడువు చేసిన మేలు

కుటుంబాన్ని మళ్లీ బల్ల దగ్గరకు తెచ్చింది నా చాతుర్యం కాదని ఒప్పుకోవాలి. పన్ను గడువు వారిని తెచ్చింది. పల్లె వ్యవసాయ భూమి అమ్మితే మూలధన లాభం పన్ను లేదన్న మాట మన ప్రాంతంలో ప్రతివారికీ తెలుసు; ఏది పల్లె భూమి అన్నది మాత్రం చాలామందికి తెలియదు. పదివేలకు పైన, లక్ష వరకు జనాభా ఉన్న మునిసిపాలిటీ సరిహద్దు నుంచి గాలి దూరంలో 2 కిలోమీటర్ల లోపల ఉన్న భూమికి ఆ మినహాయింపు దొరకదు. ఈ పొలం తణుకు పురపాలక సరిహద్దుకు కిలోమీటరున్నర దూరంలో ఉంది. కొనుగోలుదారు 1 శాతం టీడీఎస్ (ముందుగానే కోసి కట్టే ఆదాయపు పన్ను) కింద 1 లక్షా 20 వేలు పట్టుకున్నప్పుడే వీరికి అనుమానం రావలసింది. అది ఏదో రిజిస్ట్రేషన్ ఖర్చనుకున్నారు.

ఆడిటరుతో కూర్చొని లెక్క వేశాం. 2001 ఏప్రిల్ 1 నాటి విలువను రిజిస్టర్డ్ వాల్యూయర్ 6 లక్షల 40 వేలుగా కట్టారు. 2001–02లో 100గా ఉన్న ద్రవ్యోల్బణ సూచీ 2023–24కు 348 కాబట్టి ఆ విలువ 22 లక్షల 27 వేలు అయింది, లాభం 97 లక్షలు దాటింది. ఏమీ చేయకుండా కూర్చుంటే, అప్పటి 20 శాతం రేటు మీద సర్‌చార్జి, సెస్సు కలిపి 22 లక్షలకు పైగా పన్ను. అమ్మిన ఆరు నెలల లోపల 54ఈసీ బాండ్లలో (మూలధన లాభం పన్ను మినహాయింపు ఇచ్చే బాండ్లు) గరిష్ఠంగా 50 లక్షలు పెడితే పన్ను 10 లక్షల లోపుకు దిగుతుంది. ఆ బాండ్లను ఐదేళ్లపాటు అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు. అప్పటి వడ్డీ 5.25 శాతం, అంటే ఏడాదికి 2 లక్షల 62 వేల 500 రూపాయలు.

గడువు డిసెంబరు 13తో ముగుస్తుందని నేను నలుగురికీ విడివిడిగా వాట్సాప్‌లో పంపాను. 22 లక్షలు ఊరికే పోతాయన్న అంకె చూడగానే, నాకు హక్కు లేదన్నారు కదా అన్న పెద్ద కొడుకే ముందు ఫోన్ చేశాడు. ఫ్లాటు కొన్నా పన్ను మిగులుతుందన్నది నిజమే, దానికి రెండేళ్ల వ్యవధి కూడా ఉంటుంది. అయితే అలా చేస్తే సొమ్మంతా ఒక్క వస్తువులోకి, ఒక్కరి ఊళ్లోకి పోతుంది. బాండ్ల మార్గానికి పన్ను ఆదాతో సంబంధం లేని ఒక సుగుణం ఉందని నాకు అప్పుడు తోచింది. తగవు పడుతున్న సొమ్ములో 50 లక్షలను అది ఐదేళ్లపాటు ఎవరి చేతికీ అందకుండా చేస్తుంది, దాని వడ్డీ నెలకు ఇంచుమించు 22 వేల లెక్కన పెద్దవాళ్ల ఇంటి ఖర్చుకు సరిపోతుంది. ముందు ఈ ఒక్కటి ఒప్పుకోండి, పన్ను కూడా పోను మిగిలే 60 లక్షల గురించి తర్వాత పోట్లాడుకుందురు గానీ అన్నాను. నలుగురూ ఒప్పుకున్నారు. ఆ ఇంట్లో ఆరు నెలల్లో నలుగురూ కలిసి ఒప్పుకున్న మొదటి విషయం అది.

పద్దు పుస్తకం

మూడవ సమావేశాన్ని విడివిడిగా జరిపాను. క్లయింటుతో ఒంటరిగా కూర్చున్నప్పుడు, కల్యాణ మండపానికి 30 లక్షలే ఎందుకు, 10 ఎందుకు కాకూడదని అడిగాను. చాలాసేపు కిటికీ వైపు చూసి, అసలు సంగతి చెప్పారు. 1981 నుంచి 2009 దాకా, ఇరవై ఎనిమిదేళ్లు, అక్కగారి పొలాన్ని ఆయనే సాగు చేయించారు. ఎకరానికి ఏడాదికి 20 బస్తాల చొప్పున కౌలు ఇవ్వాలని మాట. మొదటి కొన్నేళ్లు ఇచ్చారు. తర్వాత ఒక ఏడు తుపాను, ఒక ఏడు కూతురి చదువు, ఒక ఏడు ఇంటి పునాది. ఇవ్వడం తగ్గి, చివరకు ఆగిపోయింది. అక్కగారికి జీతం వస్తుంది, ఆవిడ ఒక్కసారి కూడా అడగలేదు. ‘అడిగి ఉంటే ఇచ్చేసేవాణ్ణి లాయరు గారూ, అడగకపోవడం వల్లే ఇవ్వలేకపోయాను’ అన్నారు. 2010 నుంచి కౌలుదారు నేరుగా ఆవిడకే ఇచ్చే ఏర్పాటు జరిగింది. ఈ సంగతి పిల్లలెవరికీ తెలియదని, తెలియకూడదని నా దగ్గర మాట తీసుకున్నారు.

విడిగా చెప్పింది విడిగానే ఉండాలన్నది మధ్యవర్తికి మొదటి నియమం కాబట్టి నేను ఎవరికీ చెప్పలేదు. అయితే అది తెలిశాక మండపం నాకు మండపంలా కనిపించడం మానేసింది. ఎంత పెద్దదైతే అంత మేలని ఆయన ఎందుకు అంటున్నారో అర్థమైంది. అంచనా లేని అపరాధానికి ఎంత పెట్టినా చాలదు. కనీసం మీ భార్యకైనా మీరే చెప్పండి, చెప్పాక అంకె గురించి మాట్లాడదాం అని పంపించాను.

మర్నాడు ఉదయం ఆవిడే ఫోన్ చేశారు. సాయంత్రం ఇద్దరూ వచ్చారు. ఆవిడ చీరకొంగు మాటున అట్ట ఊడిపోయిన పొడుగాటి పద్దు పుస్తకం ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. మొదటి పేజీలో పసుపు బొట్టు, దాని కింద ‘వదినగారికి ఇవ్వవలసినవి’ అని ఉంది. ఏ ఏడు ఎన్ని బస్తాలు పండింది, ఎన్ని పంపాం, ఎన్ని పంపలేదు అని ఇరవై ఎనిమిదేళ్లకూ ఆవిడ రాసి ఉంచారు. ఇవ్వవలసినవి 896 బస్తాలు, ఇచ్చినవి 280, మిగిలినవి 616. భర్తకు ఒక్కనాడు చూపించలేదు. ఆయన ఆ పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకొని పేజీలు తిప్పుతుంటే నేను లేచి బయటకు వెళ్లి, టీ చెప్పి కాసేపు వరండాలో నిలబడ్డాను.

నాకేం కావాలి బాబూ అన్న మనిషికి కావలసింది ఇదే, ఆ బాకీ తీరాలి. 75 కిలోల బస్తాను ఆ ఏటి కనీస మద్దతు ధర క్వింటాలుకు 2,183 రూపాయల లెక్కన కడితే 616 బస్తాలకు దాదాపు 10 లక్షలు వచ్చింది. చట్టం దృష్టిలో ఆ కౌలు బాకీ ఎప్పుడో కాలదోషం పట్టినదే. ఆ సంగతి ఈసారి నేను చెప్పలేదు.

డిపాజిటు సంగతి

ఇంతలో ఎవరూ పట్టించుకోని మరొక సొమ్ము బయటపడింది. అక్కగారి పెన్షన్ పొదుపు 11 లక్షలు బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిటుగా ఉంది, నామినీగా తమ్ముడి పేరు ఉంది. కుటుంబమంతా దానిని తమదే అనుకుంది. నామినీ అంటే బ్యాంకు నుంచి సొమ్ము తీసుకొని అసలు వారసులకు అందజేయవలసిన మనిషి మాత్రమేనని 2010లో రామ్ చందర్ తల్వార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ డిపాజిటు ఆవిడ స్వార్జితం, తండ్రి నుంచి వచ్చినది కాదు. కాబట్టి అది భర్త వారసులకు, అంటే నిడదవోలు వాళ్లకు చెందుతుంది. ఈ నియమం న్యాయంగా ఉందా అంటే నాకు లేదనే అనిపిస్తుంది. భర్త పోయాక అత్తింటివారు వెళ్లగొడితే పుట్టింట్లో ఉండి చదువుకొని సంపాదించుకున్న ఒక స్త్రీ ఆస్తి కూడా భర్త వారసులకే పోతుందని 2009లో ఓంప్రకాశ్ కేసులో సుప్రీంకోర్టు, సానుభూతి చట్టాన్ని మార్చలేదంటూ, తీర్పు చెప్పవలసి వచ్చింది. ఈ అన్యాయానికి మందు పిల్లలు లేని ప్రతి స్త్రీ చేతిలో ఉంది. ఇద్దరు సాక్షులతో ఒక పేజీ విల్లు రాస్తే చాలు. అక్కగారు జీవితమంతా పిల్లలకు దస్తూరి నేర్పారు గానీ ఆ ఒక్క పేజీ రాయలేదు.

వాళ్లు అడగలేదు కదండీ అన్నాడు పెద్ద కొడుకు. చిన్నవాడు తల ఊపాడు. అడగని కౌలు గురించి నాలుగు రోజుల కిందటే విన్న నాకు ఆ మాట చెవిలో గింగురుమంది. ఆ సొమ్మును మీదిగా చూపించే ఏ కాగితమూ నేను రాయలేనని, రాస్తే రేపు నమ్మకద్రోహం కేసుకు మీరే ఆధారం ఇచ్చినట్టవుతుందని చెప్పాను. అయితే నా చట్టం కన్నా కూతురి మాటే పనిచేసింది. ‘అన్నయ్యా, వాళ్లు బస్సు చార్జీ కూడా మన దగ్గర తీసుకోకుండా సంతకం పెట్టి వెళ్లారు’ అంది.

క్లయింటు స్వయంగా నిడదవోలు వెళ్లి పాస్‌బుక్కు అప్పగించారు. అక్కడ అంతా సాఫీగా జరగలేదు. పెద్దవాడు కృతజ్ఞత చెప్పాడు. చిన్నవాడు మాత్రం, పది నెలలు మీ దగ్గరే ఎందుకు ఉంచుకున్నారు మామయ్యా అని అడిగాడట. అడిగే హక్కు అతనికి ఉంది. వడ్డీతో సహా సొమ్మంతా వారి ఖాతాలకు వెళ్లింది, రసీదు తీసుకున్నాం.

అరవై లక్షలు

చివరి రెండు సమావేశాల వివరాలు త్వరగా చెప్తాను, ఎందుకంటే అప్పటికి కష్టమైన పని అయిపోయింది. పిల్లలకు కౌలు సంగతి తండ్రే చెప్పారు. పుస్తకం బల్ల మీద పెట్టి, ఇది మీ అమ్మ రాసిన లెక్క అన్నారు. కల్యాణ మండపం మాట మళ్లీ ఎత్తలేదు. అక్కగారు పనిచేసిన బడిలో పిల్లలు మధ్యాహ్న భోజనం వరండాలో కూర్చొని తింటున్నారని కూతురు చెప్పింది. అక్కడ భోజనశాల కట్టించడానికి 10 లక్షలు పెట్టాలని నిర్ణయమైంది.

చిన్న కొడుకు అప్పుల విషయంలో సొమ్ము అతని చేతికి ఇవ్వకుండా నేరుగా అప్పులవాళ్లకే కట్టాలన్నది తల్లి పెట్టిన షరతు. 2019 మార్చి నాటి నోటు ఒకటి మూడేళ్లు దాటింది కాబట్టి చెల్లదని ఎవరో చెప్పారట, దాన్ని ఎగ్గొడదామనుకున్నాడు. కోవిడ్ కారణంగా 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు గడిచిన కాలాన్ని లిమిటేషన్ (దావా వేయడానికి ఉన్న గడువు) లెక్కలోంచి సుప్రీంకోర్టు తీసేసింది కాబట్టి ఆ నోటు ఇంకా బతికే ఉందని చెప్పవలసి వచ్చింది. మేత దుకాణదారుతో, మరో ముగ్గురితో మాట్లాడి మొత్తం 14 లక్షలకు తెంపాం, నోట్లు వెనక్కి తీసుకొని చించేశాం. అతను ఆ రోజు మొదటిసారిగా మాట్లాడాడు. ఈ 14 నా వాటాలో తగ్గించండి అన్నాడు.

కూతురికి 15 లక్షలు. అది పాత మాటకు చెల్లింపా, కొత్త బహుమతా అన్న చర్చను ఆమే ఆపింది. ‘ఏదైనా నా పేరున ఉన్న ఖాతాలోనే వేయండి నాన్నగారూ’ అంది. కింద కారులో ఉన్నవారికి ఈ ఏర్పాటు నచ్చిందో లేదో నాకు తెలియదు. 20 లక్షలను సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ పథకంలో భార్యాభర్తలిద్దరి పేర చెరి పది లక్షలుగా పెట్టారు. అప్పటి వడ్డీ 8.2 శాతం, ఇద్దరికీ కలిపి మూడు నెలలకు 41 వేలు వస్తాయి. 69 ఏళ్ల వయసులో ఆవిడ పేరిట ఆవిడ ఒక్కరిదే అయిన మొదటి ఖాతా అది. మిగిలిన లక్ష చేతి ఖర్చుకు ఉంచుకున్నారు. డిసెంబరు మొదటి వారంలో బాండ్ల దరఖాస్తు వెళ్లింది.

నేను రాసింది అందరూ ఒప్పుకున్న విషయాలతో నాలుగు పేజీల జ్ఞాపక పత్రం. పిల్లలకు చట్టబద్ధమైన హక్కు లేదు కాబట్టి దానికి కుటుంబ సెటిల్‌మెంటు బలం ఎంత ఉంటుందన్నది వాదించదగిన విషయమే. కోర్టు డిక్రీతో సమానమైన లోక్ అదాలత్ అవార్డు తీసుకుందామా అని ఆలోచించి, వివాదం లేని హక్కుకు అవార్డు ఎందుకని వదిలేశాను. ఆ కాగితం పని వేరు. ఎవరు ఏమి అడిగారు, ఎవరికి ఏమి చెప్పారు అన్నది రేపు పండుగ పూట మరోలా గుర్తుకు రాకుండా అది ఆపాలి.

సంతకం పెట్టనివాడు

ఆ కాగితం మీద పెద్ద కొడుకు సంతకం లేదు. అతనికి ఏమీ రాలేదు, అతను చెప్పిన ఫ్లాటూ జరగలేదు. 2016లో ఇంటి శ్లాబు మరమ్మతుకు 4 లక్షలు, 2019లో తల్లి మోకాలి ఆపరేషన్ ఖర్చు అతనే పెట్టుకున్నాడు. చివరి సమావేశంలో తండ్రి వాటిని లెక్కలో వేసి తిరిగి ఇస్తామన్నారు. అతను వద్దన్నాడు. ‘దాన్ని లెక్కలో వేస్తే అది అప్పు అయిపోతుంది నాన్నగారూ. నేను ఇచ్చింది అప్పు కాదు’ అన్నాడు. చెల్లెలు రాసుకుంది, అమ్మ రాసుకుంది, తాను రాసుకోకపోవడమే తప్పయిందని కూడా అన్నాడు. అందరూ పాత పద్దులు తెచ్చుకున్న బల్ల దగ్గర పద్దు తేనివాడి సంగతి ఏం చేయాలో నాకు తోచలేదు. అతనితో ఇంకొక్కసారి ఒంటరిగా కూర్చొని ఉండవలసింది. గడువు దగ్గర పడిందన్న తొందరలో కూర్చోలేదు.

2024 సంక్రాంతికి అతను ఇంటికి రాలేదు. 2025లో వచ్చాడు, రెండు రోజులు ఉన్నాడు. బడిలో భోజనశాల పూర్తయింది, అక్కగారి పేరు పలక మీద చిన్న అక్షరాలలో ఉంది.

2024 మధ్యలో క్లయింటు విల్లు రాయించడానికి వచ్చారు. చిన్నవాడికి తీర్చిన 14 లక్షలు అతని వాటాలో తగ్గాలి, ఇల్లు భార్య తదనంతరం ముగ్గురికీ, 2028 డిసెంబరులో తిరిగి వచ్చే బాండ్ల సొమ్ములో ముందుగా పెద్ద కొడుకు పెట్టిన ఖర్చు అతనికి చేరాలి అని చెప్పి రాయించారు. వారం తర్వాత ఫోన్ చేసి ఆ చివరి షరతు తీసేయమన్నారు, వాడికి తెలిస్తే బాధపడతాడని. మరో నెలకు మళ్లీ పెట్టమన్నారు. ముసాయిదా ఇంకా నా బీరువాలోనే ఉంది. పెద్ద కొడుకు పేరు ఉన్న పేరాలో అంకె ఉండవలసిన చోటు ఖాళీగా ఉంది, సాక్షుల సంతకాలు పడలేదు.